ఆంగ్లవాక్యమునందలి తుమర్థకము – కర్తృనిర్ణయ విచారము

ఆంగ్లమందలి ‘ఇన్ఫినిటివ్’ అను రూపమును తెలుఁగువారికి బోధించునపుడు ‘తుమున్నంతము’ అనియో ‘తుమర్థకము’ అనియో పేరు పెట్టి ముందునకు సాగుట మనలో చిరకాలముగా నున్న ఆచారము. ‘టు గో’ అనఁగా సంస్కృతమున ‘గంతుమ్’, తెలుఁగున ‘పోవన్’ లేదా ‘పోవుటకు’ అని సమీకరణము వ్రాసినచో విద్యార్థికిఁ బని తీఱినట్లు తోఁచును. ఉపాధ్యాయునకును తీఱినట్లే తోఁచును. కాని ఈ సమీకరణము ఆంగ్లమున ఆ రూపము నిర్వహించు పనులలోఁ గొన్నింటికి మాత్రమే చెల్లును. తక్కినచోట్ల అది విద్యార్థిని తప్పుదారి పట్టించుటయే గాక అతఁడు వ్రాయు తెలుఁగును గూడఁ జెఱచుచున్నది. అనువాదములలోను, సిద్ధాంతవ్యాసములలోను నేఁడు విరివిగాఁ గనఁబడు ‘చెప్పుటకు కోరుచున్నాను’, ‘గమనించుటకు ఆసక్తికరముగా నున్నది’ వంటి వాక్యములు ఎక్కడివని వెదకినచో జాడ ఈ సమీకరణము కడకే వచ్చి నిలుచును. అందుచే ఆ రూపమును గుర్తించుట యెట్లు, వాక్యమున దాని స్థానము నిర్ణయించుట యెట్లు అను ప్రశ్నలు ఆంగ్లోపాధ్యాయులకు మాత్రమే విడిచిపెట్టఁదగినవి కావు.

మొదట గుర్తించుటను గూర్చి. ‘టు’ అను పదము కనఁబడినచో తుమర్థకమనుట ప్రాథమిక తరగతులలో నేర్పు కొండగుర్తు. ఇది రెండు వైపులను విఫలమగును. ‘హీ వెంట్ టు స్కూల్’ అనుచోట ‘టు’ విభక్తిస్థానీయము. మన ‘కు’ వంటిది. ‘హీ వెంట్ టు వర్క్’ అనుచోటనో, ‘వర్క్’ నామమా, క్రియయా అనునది రూపమును బట్టి తెలియదు. దాని తరువాతఁ గర్మను జేర్చి ‘హీ వెంట్ టు వర్క్ ది పంప్’ అన్నచోఁ గ్రియ యగును. ‘హీ వెంట్ టు హిజ్ వర్క్’ అన్నచో నామమగును. ‘హీ యూజ్డ్ టు వాక్’ అనుదానికిని ‘హీ ఈజ్ యూజ్డ్ టు వాకింగ్’ అనుదానికిని గల భేదము పట్టభద్రులును తడఁబడు తావు. మొదటిదానియందు ‘వాక్’ తుమర్థకము. అతఁడు పూర్వము నడచుచుండెడివాఁడని యర్థము. రెండవదానియందు ‘టు’ విభక్తి, ‘వాకింగ్’ భావార్థక నామము; అతనికి నడక యలవాటని యర్థము. ఇఁక ‘టు’ లేకయే తుమర్థకము వచ్చు స్థలములు ‘కెన్’, ‘మే’, ‘మస్ట్’ మున్నగు సహాయక్రియల పిమ్మట, ‘లెట్’, ‘మేక్’, ‘సీ’, ‘హియర్’ వంటి క్రియల పిమ్మట నున్నవి. ‘ఐ సా హిమ్ క్రాస్ ది రోడ్’ అనుచోట ‘క్రాస్’ సమాపకక్రియ కాదు. సమాపకమే యైనచో ‘హిమ్’ అను ద్వితీయ యుండదు. వర్తమానైకవచన ప్రత్యయమో భూతప్రత్యయమో తప్పక చేరవలసియుండును. ఈ వాక్యమును కర్మణిప్రయోగమునకు మార్చినచో దాఁగియున్న ‘టు’ బయటపడును: ‘హీ వాజ్ సీన్ టు క్రాస్ ది రోడ్’. గుర్తించుటకు ఇంతకంటె నమ్మదగిన పరీక్ష ‘సీ’, ‘హియర్’, ‘మేక్’ అను క్రియల విషయమున లేదు.

‘టు’ ఇట్లు ఒకచోట నుండి యొకచోట లేకపోవుటకు హేతువు భాషాచరిత్రలో నున్నది. ప్రాచీనాంగ్లమునఁ దుమర్థకములు రెండు. ధాతువుపై ‘అన్’ చేరిన ‘డ్రింకన్’ వంటిది మొదటిది. ‘తో’ అను విభక్త్యర్థకావ్యయము తరువాతఁ జతుర్థీరూపమున నిలిచిన ‘తో డ్రింకెన్నె’ వంటిది రెండవది. ‘త్రాగుటకు’ అని దాని యర్థము. మధ్యాంగ్ల యుగమునఁ బ్రత్యయములు అరిగి రాలిపోఁగా రెండు రూపములును ఒకటియే యయ్యెను. విభక్తిగా నుండిన ‘తో’ తన అర్థమును గోల్పోయి, ప్రయోజనార్థము లేనిచోట్లకును వ్యాపించి, కేవలము తుమర్థకమునకు గుర్తుగా మిగిలెను. ‘కెన్’, ‘మే’ మొదలగువాని పిమ్మట మాత్రము ప్రాచీనమైన మొదటి రూపమే ‘టు’ లేక నిలిచినది. ప్రాచీనాంగ్లమునను మన తెలుఁగునను ప్రత్యయము ‘అన్’ అగుట చూచి ఉబలాటపడువారు కలరు. అది కేవలము కాకతాళీయము. అందుండి బంధుత్వము నూహింపరాదు.

‘టు’కును క్రియకును నడుమ మఱియొక పదము చొరరాదని పందొమ్మిదవ శతాబ్దమునఁ బుట్టిన నిషేధము కూడ ఈ చరిత్రను మఱచినందున వచ్చినదే. 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ దానిని దోషముగా నెంచెను. 1926లో ఫౌలర్ ఆ భయము నిరాధారమని సయుక్తికముగాఁ జూపెను. మన పాఠశాలలలో ఆ భయము నేఁటికిని పూర్తిగాఁ దీఱలేదు. దానిపై ఇంతకంటె నెక్కువ వ్రాయుట అనవసరము.

వర్గీకరణమునకు వత్తము. హిందూదేశపు పాఠశాలలలో మూఁడు తరములవారు ఆంగ్లవ్యాకరణమును నెస్‌ఫీల్డ్ పుస్తకములనుండి, పిదప రెన్, మార్టిన్ అనువారి పుస్తకమునుండి నేర్చిరి. ఆ సంప్రదాయమునఁ దుమర్థకము ద్వివిధము. వాక్యమునఁ గర్తగానో, కర్మగానో, పూరకముగానో నిలుచునది నామతుల్యము. క్రియకుఁ బ్రయోజనమును దెల్పుచు, లేదా నామమును, విశేషణమును విశేషించుచు నిలుచునది ‘జెరండియల్’ అనఁబడు విశేషకము. ఈ విభాగము నిరాధారము కాదు. ప్రాచీనాంగ్లమున రెండు రూపములుండిన సంగతి దీని వెనుక నున్నది. ఉపాధ్యాయునకు సౌకర్యము, పరీక్షకునికి మఱింత సౌకర్యము. కాని ఈ విభాగము తుమర్థకమునకుఁ బ్రధానవాక్యముతోఁ గల సంబంధమును మాత్రమే చెప్పును. తుమర్థకము లోపల నేమున్నదో చెప్పదు. తుమర్థకము తనకుఁ దాను కర్మను గైకొనును, క్రియావిశేషణమును గైకొనును. దానికొక కర్త యుండును. ఆ కర్త పలుమారు ఉచ్చరింపఁబడఁడు. ఉచ్చరింపఁబడనంత మాత్రమున లేకపోఁడు. యెస్పర్సన్ తన బృహద్వ్యాకరణమునఁ దుమర్థకమును దాని కర్తతోఁ గూడ నొక సంబంధముగాఁ బరిశీలించెను. 2002లో వెలువడిన కేంబ్రిడ్జి వ్యాకరణమున హడిల్‌స్టన్, పుల్లమ్ అను పండితులు దానిని పదముగాఁ గాక ఉపవాక్యముగనే గ్రహించిరి. మన తరగతి గదులలో మాత్రము అది యింకను ఒంటి పదముగనే యున్నది.

నెస్‌ఫీల్డ్ విభాగములో లోపము మిక్కిలి స్పష్టముగాఁ దెలియునది నామమును విశేషించు తుమర్థకమునందు. ‘ఎ మేన్ టు హెల్ప్ అజ్’, ‘ఎ చైల్డ్ టు హెల్ప్’, ‘ఎ పెన్ టు రైట్ విత్’, ‘ఎ ప్లేస్ టు స్లీప్’ అను నాలుగును ఆ సంప్రదాయమున ఒక్క పెట్టెలోనివే. కారకదృష్టితోఁ జూచినచో నాలుగును వేఱు. మొదటిదానియందు ‘మేన్’ అనునది సాయపడుటకుఁ గర్త: ‘మనకు సాయపడు మనుష్యుఁడు’. రెండవదానియందు ‘చైల్డ్’ కర్మ: ‘సాయపడవలసిన బిడ్డ’. మూఁడవదానియందు కలము కరణము. నాలుగవదానియందు తావు అధికరణము. కారకప్రకరణము చదివిన మన విద్యార్థి ఈ భేదమును క్షణములోఁ బట్టుకొనఁగలఁడు. ఏలయన తెలుఁగున ధాతుజవిశేషణము సరిగా నిట్లే వర్తించును. ‘తిను మనిషి’, ‘తిను అన్నము’, ‘తిను పళ్లెము’ అనుచోట్ల విశేషణ మొకటియే. విశేష్యముయొక్క కారకము వేఱు. ఇట్టి సాధనము చేతిలో నుండఁగా దానిని విడిచి ‘విశేషకము’ అను నొక్క మాటతో సరిపెట్టుకొనుట శోచనీయము. ఇఁక ‘ఎ డెసిషన్ టు గో’ అనునది పై నాలుగింటిలో నేదియుఁ గాదు. నిర్ణయము పోవుటకుఁ గర్తయుఁ గాదు, కర్మయుఁ గాదు. అది పోవలెనను సంకల్పమునకే పేరు. తెలుఁగు దీనిని ‘పోవలెనను నిర్ణయము’ అని ‘అను’ చేర్చి, వేఱు తెగగాఁ జూపుచున్నది. ‘పోవు నిర్ణయము’ అన్నచో నేఁటి పత్రికల తెలుఁగగును.

ఈ గందరగోళము ఆంగ్లమునుండి తెలుఁగునకు మాత్రమే రాలేదు. తెలుఁగునుండి ఆంగ్లమునకు పోయి మరలి వచ్చినది. బ్రౌన్ తన తెలుఁగు వ్యాకరణమున (1840), ఆర్డెన్ తన వ్యాకరణమున (1873) ‘చేయ’, ‘పోవ’ వంటి అకారాంతరూపములను ‘ఇన్ఫినిటివ్’ అనిరి. విదేశీయులకు తెలుఁగు నేర్పుటకు వ్రాసిన గ్రంథములలో అట్టి పేరు అవసరమే. కాని మనవారు ఆ సమీకరణమును తలక్రిందు చేసి, ఆంగ్లరూపమునకు ‘అన్నంత’మే యర్థమని గ్రహించిరి. ‘అ’ అనునది ‘ఆ’ వంటిదన్నమాత్రమున ‘ఆ’కు సంబంధించిన సమస్తము ‘అ’యందుఁ గలదనుట తర్కము కాదు. తెలుఁగు అన్నంతము ఆంగ్లతుమర్థకమునకు శక్యము కాని పనిని చేయును: ‘సూర్యుఁడుదయింపఁ జీఁకటి విరిసెను’ అనుచోట ‘ఉదయింపన్’ అనుదానికి సూర్యుఁడు కర్త, ప్రధానక్రియకు వేఱు కర్త. దీనిని ఆంగ్లమున తుమర్థకముతోఁ జెప్పుట యసాధ్యము. ‘చేయఁబడు’, ‘చేయవలెను’, ‘చేయరాదు’ మొదలగువానియందు అన్నంతము మూలధాతువువలె మఱియొక క్రియను మోయుచున్నది.

పాణిని తుమున్నును ఎచ్చట విధించెనో చూచినచో మన చర్చకు గట్టి ఆధారము దొరకును. మూఁడవ అధ్యాయమున, తృతీయపాదము పదవ సూత్రమున, ఒక క్రియ మఱియొక క్రియకుఁ బ్రయోజనమైనపుడు తుమున్ విహితము. ఇది రాజును జూడ వచ్చుట వంటిది. ఇక్కడ సంస్కృతము, ఆంగ్లము, తెలుఁగు మూఁడును ఏకమార్గమునఁ బోవును. అదే పాదమున 167వ సూత్రము కాలము, సమయము, వేళ అను శబ్దముల సన్నిధిని తుమున్నును విధించును. ఆంగ్లమున ‘టైమ్ టు ఈట్’ దీనికి సరియైన జోడు. తెలుఁగు మాత్రము ఇచ్చట వెనుదిరిగి ‘తినవలసిన వేళ’, ‘తిను వేళ’ అని విశేషణమును గ్రహించును. ఇఁక చతుర్థపాదమున 65వ సూత్రము అత్యంతము మనోహరము. శక్తి, ధైర్యము, ఎఱుక, అలసట, ప్రయత్నము, ఆరంభము, లాభము, ఉపక్రమము, సహనము, అర్హత మొదలగు అర్థములుగల ధాతువుల పట్టిక అందున్నది. వాని సాన్నిధ్యమునఁ బ్రయోజనార్థము లేకున్నను తుమున్ వచ్చును. ఆ పట్టికను ముందిడుకొని తెలుఁగును జూడుఁడు: చేయఁగలఁడు, చేయఁ దెగించెను, చేయనేర్చెను, చేయఁ దొడఁగెను, చేయఁజాలఁడు, చేయఁదగును. అన్నంతము ఇంచుమించు అవే క్రియలను వెదకికొని చేరినది. ఆంగ్లమును జూడుఁడు: ‘కెన్’, ‘డేర్’, ‘నో హౌ టు’, ‘బిగిన్ టు’, ‘మేనేజ్ టు’, ‘డిజర్వ్ టు’. మూఁడు వేర్వేఱు ముడిసరకుల భాషలు ఒకే అర్థక్షేత్రమునఁ గలియుట ఆశ్చర్యకరము. ఆ క్రియ లన్నియు స్వతంత్రముగా నొక పనిని జెప్పవు. మఱియొక పని జరుగు తీరును, దాని సాధ్యాసాధ్యములను జెప్పును. కావున వానికొక క్రియ వలయును, ఆ క్రియకు వేఱు కర్త యక్కఱలేదు. మన సమీకరణము నిశ్చింతగాఁ జెల్లునది ఈ మేర మాత్రమే.

చిక్కు కోరికతో మొదలగును. తృతీయపాదము 158వ సూత్రమున పాణిని ఇచ్ఛార్థకధాతువుల సాన్నిధ్యమునఁ దుమున్నును విధించుచు నొక నియమమును బెట్టెను: కోరువాఁడును చేయువాఁడును ఒక్కఁడే కావలెను. తెలుఁగున ‘పోఁగోరెను’ అనునదియు సరిగా నట్టిదే, కోరినవాఁడే పోవువాఁడు. ఆంగ్లమున నీ నియమము లేదు. ‘ఐ వాంట్ టు గో’ అనుట యెంత సహజమో ‘ఐ వాంట్ హిమ్ టు గో’ అనుటయు నంత సహజము. రెండవదానిని తుమున్నుతోఁ జెప్ప వీలులేదు, అన్నంతముతోను వీలులేదు. ‘అతఁడు పోవలెనని కోరుచున్నాను’ అని తెలుఁగు పూర్తివాక్యమును ‘అని’తో ముడివేయును. ‘నేను అతనిని పోవుటకు కోరుచున్నాను’ అను వాక్యమును పరీక్షాపత్రములలో ఎన్నిమార్లు దిద్దుదుమో లెక్కలేదు. దిద్దుట సులభము, కారణము చెప్పుట లేదు. కారణము ఈ సమానకర్తృకత్వమే. వాడుకభాషలో ‘పోఁగోరు’ వెనుకఁబడి ‘వెళ్లాలని’ అను రూపము స్వకర్తకును పరకర్తకును సమముగా వాడఁబడుచున్నందున విద్యార్థికి ఈ భేదము సహజముగా స్ఫురించుట లేదేమో యని నాకుఁ దోఁచును.

ఇంతకంటె సూక్ష్మమైనది కర్త దాఁగియుండు తావు. ‘రామా ప్రామిస్డ్ సోమా టు గో’, ‘రామా పర్సుయేడెడ్ సోమా టు గో’ అను వాక్యములను వ్రాసికొనుఁడు. పదముల వరుస యొకటియే. నెస్‌ఫీల్డ్ పద్ధతిని రెండింటికిని నొకే తీరున గీఁతలు గీయవచ్చును. కాని మొదటిదానియందుఁ బోవువాఁడు రాముఁడు, రెండవదానియందు సోముఁడు. ఈ భేదము క్రియాపదముయొక్క స్వభావమునుండి వచ్చునదిగాని స్థానమునుండి వచ్చునది కాదు. తెలుఁగు చేయువానిని బట్టి మాట మార్చును: ‘పోయెదనని రాముఁడు సోమునకు మాటయిచ్చెను’, ‘పొమ్మని రాముఁడు సోముని ఒప్పించెను’. (సంధి చేసినచో ‘సోముని నొప్పించెను’ అగును, అర్థము మాఱును, కావున విసంధిగనే వ్రాసితిని.) మొదటిదానియందు ఉత్తమపురుష, రెండవదానియందు మధ్యమపురుష. ఆంగ్లము మఱుఁగుపఱచిన కర్తను తెలుఁగు పురుషప్రత్యయముతో బయట నిలుపుచున్నది. ‘రామా ఆస్క్డ్ టు లీవ్’ అన్నచో వెడలువాఁడు రాముఁడే. నడుమ ‘సోమా’ చేరినచో వెడలువాఁడు సోముఁడగును. మొదటిది ‘వెళ్లుటకు సెలవడిగెను’, రెండవది ‘వెళ్లుమని అడిగెను’. కర్త యెవరో తెలియనివాఁడు ఈ నాలుగింటిలో నొక్క వాక్యమునైనను తెలుఁగున నిర్దుష్టముగా వ్రాయఁజాలఁడు. కావున అనువాదము ఇచ్చట వ్యాకరణమునకు అనుబంధము కాదు, వ్యాకరణపరీక్షయే. వాక్యవిశ్లేషణమునకు మార్కులిచ్చు మన పరీక్షలు ఈ పరీక్షను వాడుకొనకపోవుట వింత.

విశేషణముతోఁ గూడిన తుమర్థకమునందును ఇట్టి ద్వైధమే కలదు. ‘ది బాయ్ ఈజ్ స్లో టు లెర్న్’ అనుచోట నేర్చువాఁడు బాలుఁడు. ‘ది రోడ్ ఈజ్ హార్డ్ టు ఫైండ్’ అనుచోట కనుఁగొనునది దారి కాదు. దారి కనుఁగొనఁబడునది, అనఁగాఁ గర్మ. కర్త యిచట సామాన్యజనుఁడు. 1960 దశకమునఁ జామ్‌స్కీ ఇట్టి జంటవాక్యములతోనే బాహ్యరూపము ఒకటియైనను లోనిసంబంధములు భిన్నములు కావచ్చునని వాదించి ప్రసిద్ధి నొందించెను. తెలుఁగు రెంటిని ఒకే మూసలోఁ బోయదు: ‘ఆ బాలుఁడు నేర్చుటయందు మందుఁడు’, ‘ఆ దారిని గనుఁగొనుట కష్టము’. రెండవ వాక్యమున దారి ద్వితీయలో నుండుట, భావార్థకము కర్తగా నుండుట పరికింపఁదగినవి. ఇదియే ‘టు ఫైండ్ ది రోడ్ ఈజ్ హార్డ్’ అను ఆంగ్లవాక్యమునకుఁ గూడ అనువాదము. అనఁగా ఆంగ్లమున రెండు వాక్యములకుఁ దెలుఁగున నొకటే సరిపోయినది. ఆంగ్లమున నొకే రీతిగాఁ గనఁబడినవానికి తెలుఁగున రెండు వలసినవి. ‘గమనించుటకు ఆసక్తికరముగా నున్నది’ అను వాక్యముయొక్క రోగము ఇక్కడ నున్నది. ఆంగ్లమున ‘ఇట్ ఈజ్ ఇంటరెస్టింగ్ టు నోట్’ అనుచోటఁ దుమర్థకము ‘ఇట్’ అను బొమ్మకుఁ బదులుగాఁ జివర నిలిచిన యథార్థకర్త, ప్రయోజనార్థము కాదు. దానిని ‘గమనించుటకు’ అని చతుర్థిలోఁ బెట్టినచోఁ గర్త పోయినది, ఆ వాక్యమున ఆసక్తికరముగా నున్నదేదో చెప్పువారు లేరు. ‘ఇది గమనింపఁదగినది’ అన్నచోఁ జాలును. సంస్కృతకావ్యములందు ‘యుక్తమ్’ వంటివానితోఁ దుమున్నంతము కర్తృస్థానమున నున్నట్లు తోఁచు ప్రయోగములు కలవు. కాని వానిని జూపి తెలుఁగు ‘కు’ను సమర్థింపరాదు.

కడపట నిలుచునది ఫలార్థకము. ‘హీ వోక్ టు ఫైండ్ ది హౌస్ ఎంప్టీ’ అను వాక్యమును ప్రయోజనార్థమున ననువదించినచో, ఇల్లు శూన్యముగా నుండుటను జూచుటకై అతఁడు మేల్కొనెననవలసి వచ్చును. ఎవరును అట్టి యుద్దేశముతో మేల్కొనరు. తరువాత జరిగినదే ఇచటఁ దుమర్థకముగా వచ్చినది: ‘అతఁడు మేల్కొని చూచునప్పటికి ఇల్లు శూన్యముగా నుండెను’. కథాసాహిత్యానువాదమున ఇట్టివి అడుగడుగునను దగులును. ఊరు విడిచి మరల రానివానిని గూర్చి ‘తిరిగి రాకుండుటకు వెడలెను’ అని వ్రాసినచోఁ బాఠకుఁడు అతనికేదో ప్రతిజ్ఞ యుండెనని యనుకొనును. మూలరచయిత చెప్పినది విధిని గూర్చి, అనువాదకుఁడు చెప్పినది సంకల్పమును గూర్చి. ‘వెడలెను, మరల రాలేదు’ అని రెండు చిన్న వాక్యములు వ్రాసినచో తుమర్థకము మాయమగును, కథ మిగులును. ‘హీ స్టాప్డ్ టు స్పీక్’ అనుచోట మాత్రము ప్రయోజనార్థమే నిక్కము: మాటలాడుటకై నడక యాఁపెను. దానిని ‘మాటలాడుట మానెను’ అని వ్రాయు విద్యార్థికి, ‘ఆఁగినదేమి? మాటయా, నడకయా?’ అని యడిగి చూడుఁడు. ఆ వాక్యమునఁ గర్మ యేదో అతఁడు తానే వెదకికొనును.